కత్తిరించిన స్ట్రిప్పు

శ్రీకాకుళంలో పొద్దున తొమ్మిదికి ఎంబీబీఎస్ రెండో ఏడాది,
మధ్యాహ్నం రెండుకి నర్సింగ్ పిల్లలు.
పాఠం ఒకటే, నొప్పి మాత్రలు.
సుద్దముక్క కూడా ఒకటే.
పొద్దుటివాళ్ళు పొడుగు పేర్లు అడుగుతారు.
మధ్యాహ్నంవాళ్ళు
"తిన్నాక ఇవ్వాలా మేడం, తినకముందా?" అంటారు.
ఇరవై రెండేళ్ళయింది.
ఆ రెండోదే కష్టమైన ప్రశ్నని ఈ మధ్యే తెలుస్తోంది.

నేను చదువుకున్న రోజుల్లో
పొగబట్టిన కాగితం చుట్టిన డోలు తిరుగుతుంటే
కప్ప గుండె తన గీత తానే గీసుకునేది.
చుక్క మందు వేస్తే గీత కుంగేది.
మసి వేళ్ళతోనే టిఫిన్ డబ్బా విప్పేవాళ్ళం.
ఇప్పుడు కప్ప కంప్యూటర్లో ఉంది,
ఎన్నిసార్లు చంపినా బటన్ నొక్కితే లేచి కూర్చుంటుంది.
మంచిదే. కప్పలు బతికాయి.
ఇచ్చిన మందు వెనక్కి తీసుకోవచ్చని
పిల్లలు అనుకుంటారేమోనని నా భయం.

ఆ వేళ హాఫ్ లైఫ్ చెబుతున్నాను.
ఒంట్లో పడ్డ మందు సగమవడానికి పట్టే కాలం,
సగంలో సగం, ఆ సగంలో మళ్ళీ సగం,
"పాలవాడి నీళ్ళ లెక్క" అన్నాను. నవ్వారు.
వెనక బెంచీలో నర్తు హేమసుందరి నవ్వలేదు.
మందస దగ్గర పల్లె ఆ పిల్లది.
నోట్సులో "సగం ఆయువు" అని తెలుగులో రాసుకుని
కింద రెండు గీతలు కొట్టింది.
అలా కాదమ్మా అనబోయి ఆగాను.
ఉద్దానం పిల్లకి ఆ మాట నేనేం దిద్దగలను?

క్లాసయ్యాక బల్ల దగ్గరికొచ్చింది.
చున్నీ ముడి విప్పి
వెండిరేకు ముక్క చేతిలో పెట్టింది.
రెండు మాత్రలు. కత్తెరతో కోసిన అంచు.
పేరు పోయింది, తేదీ పోయింది,
ఒక ఎర్రగీతా, యాభై అనే అంకే మిగిలాయి.
"మాయమ్మ పలాసలో జీడిపిక్కలు కొడతాది మేడం.
సాయంత్రానికి చేతులు లాగేస్తాయి.
కిరాణా కొట్లో అడిగితే ఇచ్చినారు.
టీతో ఒకటి, రేత్రికొకటి. నాలుగేళ్ళయింది.
ఇదేటి మందు?"

కళ్ళద్దాలు తీసి చూశాను, పెట్టుకుని చూశాను,
కిటికీ వెలుతురుకి పట్టాను.
లావుపాటి పుస్తకం మూడు ఎడిషన్లూ
నా తలలో బారులు తీరాయి,
ఒక్కటీ పలకలేదు.
"తెలీదమ్మా" అన్నాను.
ఖాళీ గదిలో ఆ మాట ఎంత గట్టిగా వినబడిందో!

మర్నాడు రెండు క్లాసుల్నీ ఒక్కచోట కూర్చోబెట్టాను.
"డబ్బాల్లో, దిండు కింద, దేవుడి గూట్లో
మీ ఇళ్ళల్లో మిగిలిన మాత్రలన్నీ సోమవారం పట్టుకురండి."
తెచ్చారు. చేటెడు.
సగాలు, పొడైనవి, పొట్లాల్లోవి,
రంగు చూసి ఇంటివాళ్ళు పెట్టిన పేర్లు:
జొరం బిళ్ళ, వాతం బిళ్ళ, పెళ్ళిలో తిన్నాక వేసుకునేది.
పదిహేను దుష్ఫలితాలు గుక్కతిప్పకుండా అప్పజెప్పే
పేడాడ శశిభూషణ్
తాత డబ్బాలో రెండు పేర్లతో ఉన్న ఒకే మందుని చూసి
మాటరాక నిలబడ్డాడు.
తాత రెండూ వేసుకుంటున్నాడు.

ఉద్దానంలో కిడ్నీలెందుకు పోతున్నాయో నాకు తెలీదు.
తెలిసినట్టు బోర్డు మీద రాయను.
నీళ్ళంటారు, ఎండంటారు, ఇంకేదో అంటారు.
"కారణం దొరికేదాకా
మన చేత్తో ఇంకో కారణం కలపొద్దు.
అదొక్కటీ రాసుకోండి" అన్నాను.

హేమసుందరి చెయ్యెత్తింది.
"అమ్మ చేత ఆ బిళ్ళ మానిపించినాను మేడం.
రక్తం పరీక్షకి తీసుకొచ్చినాను.
మీరు చెప్పిన పారాసెటమాలే ఇస్తన్నాను. సాల్లేదు.
చేతులు లాగుతునే ఉన్నాయి.
రేపు పిక్కలెలా కొడతాది?
దానికేటి రాసుకోమంటారు?"

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.
బోర్డు మీద నొప్పి అనే మాట పక్కన
సుద్ద ఆనించి అలాగే నిలబడ్డాను.
సుద్ద పొడి రాలి నా చెప్పుల మీద పడుతోంది.